పసిబిడ్డ నిద్రకు సంతకం ఎందుకు? మీ ప్రశ్నలు, నా జవాబులు

ఏడాదిలోపు పిల్లల్ని ఇంటి డేకేర్‌లో చేర్చేటప్పుడు నింపే నిద్ర ఫారం మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. డేకేర్ నడిపేవాళ్లు రాశారు, తల్లిదండ్రులు రాశారు, అమ్మమ్మలూ రాశారు. నేను క్యాలిఫోర్నియాలో లైసెన్స్ తీసుకుని మా ఇంట్లోనే పసిపిల్లల్ని చూసుకుంటున్నదాన్ని. కాబట్టి జవాబులన్నీ ఈ రాష్ట్రం లెక్కనే చదువుకోండి. టెక్సాస్ నుంచి రాసిన అమ్మాయికి మాత్రం చివర్లో విడిగా చెప్పాను.

ప్రశ్న: నాకు ఈమధ్యే చిన్న ఫ్యామిలీ చైల్డ్ కేర్ లైసెన్స్ వచ్చింది అక్కా. వచ్చే నెల నుంచి నాలుగు నెలల బాబు వస్తున్నాడు. నిద్ర ప్లాన్ అని ఒక ఫారం ఉండాలంటున్నారు. అదేమిటి, అందులో ఏం రాయాలి, ఎప్పుడు సంతకం తీసుకోవాలి? (ఫ్రీమాంట్ నుంచి ఒక సోదరి)

అమ్మాయ్, నువ్వు అడిగింది డేకేర్ లైసెన్సింగ్ వాళ్ల ఎల్‌ఐసి 9227 నంబరు ఫారం. ఇండివిడ్యువల్ ఇన్ఫెంట్ స్లీపింగ్ ప్లాన్ అని పైన రాసి ఉంటుంది. పసిపిల్లల సురక్షిత నిద్రకు క్యాలిఫోర్నియా సోషల్ సర్వీసెస్ శాఖ 2020లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. రాష్ట్ర నిబంధనల పుస్తకం టైటిల్ 22లో ఇంటి డేకేర్ల భాగంలో 102425 నంబరు కింద ఉంటాయి, ఒకసారి కూర్చుని మొత్తం చదువు. 12 నెలల లోపు బిడ్డ ఎవరొచ్చినా ఈ ఫారం నింపి, తల్లో తండ్రో సంతకం పెట్టి, తేదీ వేసి, ఆ బిడ్డ ఫైల్లో ఉండాలి. కవలలు వస్తే చెరొకటి.

సంతకం ఎప్పుడంటావా, బిడ్డ నీ ఇంట్లో మొదటి కునుకు తీసేలోపే. "సోమవారం చేరనివ్వండి, వారాంతంలో తీరిగ్గా నింపి పంపిస్తాం" అనే తల్లిదండ్రులు ఉంటారు. మర్యాదగానే చెప్పు, ఫారం చేతికి వచ్చాకే బిడ్డను చేతుల్లోకి తీసుకుంటానని. చేరిన మొదటి రోజులే పసిబిడ్డకు కష్టమైన రోజులు. చోటు కొత్త, వాసన కొత్త, ఎత్తుకునే చేతులు కొత్త. నిద్రలో జరిగే అనర్థాల్లో డేకేర్‌లో జరిగినవాటిని పరిశీలించినప్పుడు మొదటి వారంలోవి ఎక్కువగా కనిపించాయి. అంటే ఆ బిడ్డ నిద్ర గురించి నీకు అన్నీ తెలిసి ఉండాల్సింది సరిగ్గా ఆ వారంలోనే.

ఫారంలో అడిగేవి పెద్ద విషయాలేమీ కావు. బిడ్డ ఇంట్లో ఎక్కడ పడుకుంటుంది, ఏ వేళకు పడుకుంటుంది, ఎంతసేపు, పాసిఫైయర్ అలవాటుందా, వెల్లకిలా నుంచి బోర్లాకీ బోర్లా నుంచి వెల్లకిలాకీ తనంతట తాను దొర్లగలదా. దీన్ని నువ్వు ఎలా నింపిస్తావన్నదే అసలు సంగతి. ఇంటికి పంపించి నింపుకు రమ్మంటే హడావుడిలో అన్నిటికీ "క్రిబ్, వెల్లకిలా" అని రాసేస్తారు. నేనైతే తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుంటాను. బిడ్డను నేనెత్తుకుని, కాఫీ ఇచ్చి, "రాత్రి ఎలా గడిచిందమ్మా?" అని మొదలుపెడతాను. అప్పుడు నిజం బయటికొస్తుంది. రాత్రి షిఫ్టులు చేసే ఒక తల్లి, ఫారంలో క్రిబ్ అని రాయబోయి ఆగి, తన బిడ్డ ఎలక్ట్రిక్ ఊయల కుర్చీలో తప్ప పడుకోవడం లేదని నెమ్మదిగా చెప్పింది. తిడతానేమోనని భయపడింది పాపం. నేను తిట్టలేదు. ఆ సంగతి తెలియకపోతే, ఊపు లేకుండా చదునైన పరుపు మీద ఆ బిడ్డ మొదటి నాలుగు రోజులు ఎందుకంత ఏడుస్తుందో నాకు అర్థమయ్యేదే కాదు. తెలిసింది గనక మిగతా పిల్లల నిద్రవేళ కొంచెం జరిపి ఆ బిడ్డకు నా చేతులు ఖాళీగా ఉంచుకోగలిగాను.

ఇంకో మాట. ఇంట్లో ఎలా పడుకుంటుందో రాశారు కదా అని నీ దగ్గరా అలాగే పడుకోబెట్టకూడదు. అది నీకు సమాచారం, అంతే. ఇంట్లో పెద్దవాళ్ల మంచం అని రాసినా, ఊయల అని రాసినా, నీ ఇంట్లో మాత్రం వెల్లకిలా, క్రిబ్‌లోనో ప్లేయార్డ్‌లోనో (మడతపెట్టే జాలీ పడక). ఈ ముక్క సంతకానికి ముందే తల్లిదండ్రులకు నోటితో చెప్పు.

క్రిబ్ సంగతికొస్తే, ఎక్కి బయటికి రాలేని వయసు బిడ్డకు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కావాలి. ఇద్దర్ని ఒకదాంట్లో పడుకోబెట్టడం కుదరదు. పరుపు అంచులకు ఖాళీ లేకుండా సరిపోవాలి, దాని మీద పరుపుకు బిగుతుగా తొడిగే షీట్ ఒక్కటే ఉండాలి. తెలిసినవాళ్లు పాత క్రిబ్ ఇస్తామంటారు, ప్రేమగానే ఇస్తారు. పక్క కటకటా కిందికి జారే రకమైతే తీసుకోకు. ఆ రకం అమ్మకం దేశమంతటా 2011 జూన్ 28 నుంచి ఆగిపోయింది. డేకేర్లలో వాడేవి కూడా కొత్త ప్రమాణాలకు మారిపోవాలని 2012 డిసెంబర్ 28 వరకే గడువిచ్చారు. క్రిబ్ కింద తయారీ తేదీ చీటీ ఉంటుంది, వంగి చూడు.

మిగతా కాగితాలు నీకు తెలిసే ఉంటాయి. చిరునామాలు, అత్యవసర ఫోన్ నంబర్లకు ఎల్‌ఐసి 700, అత్యవసర వైద్యానికి అనుమతి ఎల్‌ఐసి 627, తల్లిదండ్రుల హక్కుల పత్రం 995ఎ, టీకాల వివరాలు. నీ చిన్న లైసెన్స్ మీద ఆరుగురు పిల్లల్ని చూసుకుంటే వాళ్లలో పసిపిల్లలు ముగ్గురికి మించకూడదు, పసిపిల్లల్నే చూస్తే మొత్తం నలుగురే. ఇక్కడ పసిపిల్లలంటే రెండేళ్లలోపు వాళ్లందరూ అని గుర్తుంచుకో. మా వాడు నడిచేస్తున్నాడు కదా, పెద్దవాళ్ల లెక్కలో వేయండి అని అడిగేవాళ్లు ఉంటారు.

ప్రశ్న: మా పాపకు మూడు నెలలు. బోర్లా పడుకోబెడితే హాయిగా రెండు గంటలు పడుకుంటుంది, వెల్లకిలా వేస్తే పది నిమిషాలకే ఉలిక్కిపడి లేస్తుంది. మా అత్తగారు కూడా పిల్లలందర్నీ అలాగే పెంచారు. పైగా పాపకు పాలు కక్కే అలవాటుంది, వెల్లకిలా ఉంటే గొంతులో అడ్డం పడతాయని మా భయం. డేకేర్ ఆవిడ ఒప్పుకోవడం లేదు. మేమే రాసి సంతకం పెట్టి ఇస్తామన్నా వద్దంటోంది. కన్నవాళ్ల మాట చెల్లదా? (శాన్ రామన్ నుంచి ఒక తండ్రి)

బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాప మీద బెంగతో రాశారని తెలుస్తోంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముందు కాగితం సంగతి. ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలా తప్ప ఇంకోలా పడుకోబెట్టాలంటే డాక్టర్ సంతకంతో ఉత్తరం కావాలి. ఎలా పడుకోబెట్టాలో, ఎంతకాలమో అందులో రాసి ఉండాలి. తల్లిదండ్రుల సంతకం దానికి సరిపోదు. మీరు స్టాంపు పేపరు మీద రాసిచ్చినా ఆవిడ తీసుకోకూడదు. తీసుకుని మీ మాట ప్రకారం చేస్తే రేపు ఆవిడ లైసెన్సుకే ముప్పు. మీకు ఎదురు చెప్పి నిలబడిందంటే మంచి చేతుల్లోనే పాపను పెట్టారు.

ఇక బోర్లా పడుకుంటే హాయిగా పడుకుంటుందన్నారు. నిజమే, గాఢంగా పడుకుంటుంది. ప్రమాదం ఆ గాఢతలోనే ఉంది. ముఖం పరుపుకు ఆనుకున్నప్పుడు బిడ్డ తాను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తూ ఉంటుంది. ఆక్సిజన్ తగ్గుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది. ఊపిరి సరిగా ఆడనప్పుడు మనకైతే మెలకువ వచ్చేస్తుంది. కొందరు పసికందుల్లో ఆ మెలకువ వచ్చే గుణం ఇంకా గట్టిపడి ఉండదు. లేవాల్సినప్పుడు లేవరు. వెల్లకిలా వేసినప్పుడు పది నిమిషాలకోసారి ఉలిక్కిపడి మీ ఓపికను పరీక్షించే ఆ మెలకువే పాపను కాపాడుతోంది. ఈ ఆపద ఎక్కువగా ఒకటి నుంచి నాలుగు నెలల మధ్య వస్తుంది. మీ పాప వయసు అదే.

అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 1992లో వెల్లకిలా పడుకోబెట్టమని చెప్పడం మొదలుపెట్టింది. 1994లో దేశమంతటా ప్రచారం జరిగింది. ఆ తర్వాత పదేళ్లలో, కారణం తెలియకుండా నిద్రలో చనిపోయే పసిపిల్లల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. మందులేదు, ఆపరేషన్ లేదు, పడుకోబెట్టే తీరు మారింది. ఇప్పటికీ నిద్రకు సంబంధించిన కారణాలతో ఈ దేశంలో ఏటా 3,500 మంది దాకా పసిపిల్లలు పోతున్నారు. మీ అత్తగారు పెంచిన కాలానికి ఈ సంగతి ఎవరికీ తెలియదు. అప్పట్లో డాక్టర్లే బోర్లా పడుకోబెట్టమని చెప్పేవారు. ఆవిడ ప్రేమనూ అనుభవాన్నీ తప్పు పట్టాల్సిన పని లేదు, ఆవిడకు ఈ విషయం చెప్పాల్సిన పని మాత్రం ఉంది.

పాలు కక్కడం గురించి మీ భయం చాలామందికి ఉంటుంది. ఒక్కసారి ఊహించుకోండి. మనిషి వెల్లకిలా పడుకున్నప్పుడు గాలి గొట్టం పైన, ఆహారనాళం కింద ఉంటాయి. కక్కిన పాలు పైకెక్కి గాలి గొట్టంలో పడాలంటే ఎదురెక్కాలి. బోర్లా తిప్పితే గాలి గొట్టం కిందికి వస్తుంది. పాలు జారి పడటానికి అప్పుడే వీలెక్కువ. మామూలుగా పాలు కక్కే పిల్లలకు కూడా డాక్టర్లు వెల్లకిలాయే చెబుతారు. మీ పాపకు ప్రత్యేకమైన ఇబ్బంది ఏదన్నా ఉందనిపిస్తే డాక్టర్‌ను అడగండి. ఆయన వేరేలా చెబితే ఆ ఉత్తరం ఫైల్లోకి వెళ్తుంది, డేకేర్ ఆవిడ అలాగే చేస్తుంది.

ఇంకొక్కటి, అసలు ఇది చెప్పడానికే ఇంత రాశాను. ఇంట్లో ఒక రకంగా, డేకేర్‌లో ఇంకో రకంగా పడుకోబెట్టడం అన్నిటికన్నా చెడ్డది. వెల్లకిలా అలవాటైన బిడ్డను ఒక్కరోజు అలవాటు లేకుండా బోర్లా వేస్తే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. శనాదివారాలు అమ్మమ్మ పద్ధతి, వారమంతా డేకేర్ పద్ధతి అని పంచుకోవద్దు. ఈ రాత్రి నుంచే వెల్లకిలా మొదలుపెట్టండి. రెండు మూడు రాత్రులు మీకు నిద్ర ఉండదు. అత్తగారు, మీరు, మీ ఆవిడ వంతులు వేసుకోండి.

ప్రశ్న: నా దగ్గరున్న ఐదు నెలల బాబు నిన్న నా కళ్లముందే నిద్రలో బోర్లా తిరిగాడు. ఫారంలో దొర్లడం రాదనే ఉంది. వాళ్లమ్మ ఇంతవరకూ చూడలేదట. నేను తిప్పి వెల్లకిలా వేయాలా, అలా వదిలేయాలా? ఆమెకు ఎలా చెప్పను, మొదటిసారి నేను చూశానంటే బాధపడుతుందేమో. (సన్నీవేల్)

బోర్లా పడితే బొబ్బట్లు వండుకునే జాతి మనది. ఆ తల్లి మనసు చిన్నబోతుందని నువ్వు ఆలోచించడం నాకు నచ్చింది. అయినా చెప్పాలి, ఆ రోజే చెప్పాలి, ఫారంలోనూ ఎక్కాలి.

పద్ధతి ఇది. అటూ ఇటూ రెండు వైపులా తనంతట తాను దొర్లగలడని ఫారంలో తల్లిదండ్రులు తేదీ వేసి సంతకం పెట్టి ఉంటే, నువ్వు వెల్లకిలా పడుకోబెట్టాక వాడు తిరిగి ఎలా పడుకున్నా వదిలేయొచ్చు. పడుకోబెట్టడం మాత్రం ప్రతిసారీ వెల్లకిలాయే. ఆ సంతకం లేనంతవరకూ వాడు తిరిగితే నువ్వు మెల్లగా మళ్లీ వెల్లకిలా వేయాలి. ఒక వైపు దొర్లి రెండో వైపు రాని పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్ల దగ్గరే జాగ్రత్త ఎక్కువ కావాలి. నీ కళ్లతో చూసిన తేదీ రాయడానికీ, తల్లిదండ్రులతో మాట్లాడిన తేదీ వేసి సంతకం తీసుకోవడానికీ ఫారంలో విడిగా చోటుంది.

ఎలా చెప్పాలంటావా. నేనైతే "మొదటిసారి తిరిగాడు" అని అనను. "ఇవాళ తిరగడానికి గట్టిగా ప్రయత్నం చేశాడమ్మా, నిద్రలో ఒకసారి తిరిగాడు కూడా, ఈ రాత్రి మీరు కింద చాప వేసి ఆడించి చూడండి" అంటాను. సాధారణంగా మర్నాడు పొద్దున్నే ఫోన్లో వీడియో చూపిస్తూ వస్తారు. అప్పుడే ఫారం తీసి ముందుపెడతాను. బొబ్బట్ల సంబరం వాళ్లింట్లో జరగాలి, సంతకం మన దగ్గర పడాలి.

ఒక హెచ్చరిక. బాబును గుడ్డలో చుట్టి పడుకోబెట్టే అలవాటు ఆ ఇంట్లో ఉంటే వెంటనే మాన్పించమను. నీ దగ్గర ఎలాగూ చుట్టకూడదు, నిబంధనే ఉంది. చేతులు కట్టేసి ఉన్న బిడ్డ బోర్లా తిరిగితే తల ఎత్తుకోలేడు.

ప్రశ్న: నిద్రపోతున్న పిల్లల్ని ప్రతి 15 నిమిషాలకోసారి చూసి రాయాలట. ముగ్గురు చిన్నవాళ్లు, ఇద్దరు పెద్దవాళ్లు, వంట. ఇంతలో పెన్ను పట్టుకునే తీరిక ఎక్కడిది? గదిలో కెమెరా ఉంది, ఫోన్లో చూస్తూనే ఉంటాను. సాయంత్రం ఒకేసారి రాస్తే సరిపోదా? (డబ్లిన్)

సరిపోదు. కెమెరాలో చూడటమూ సరిపోదు. లేచి వెళ్లి దగ్గర నిలబడి చూడాలి. ఈ నియమం రెండేళ్ల వయసు వరకూ ఉంటుంది, అంటే నిద్ర ప్లాన్ ఫారం కన్నా ఎక్కువ కాలం.

కెమెరాలో ఏం కనిపిస్తుంది? ఒక బిడ్డ కదలకుండా పడుకుని ఉందని కనిపిస్తుంది. మనం చూడాల్సింది ఊపిరి ఎలా ఆడుతోందో, ఎగపోస్తోందేమో, ముఖం కందిందేమో, ఒళ్లు వేడెక్కిందేమో, అసహనంగా కదులుతోందేమో. వేడి చూడటానికి చేయి మెడ వెనక్కి పెట్టాలి. పసిపిల్లల చేతులూ పాదాలూ మామూలుగానే చల్లగా ఉంటాయి, వాటిని నమ్మకూడదు. కెమెరా ఇవేవీ చెప్పదు.

సాయంత్రం ఒకేసారి రాసిన పట్టిక ఎలా ఉంటుందో తెలుసా? ఒకే పెన్ను, ఒకే వాలు, అన్ని గడుల్లో "బాగుంది", సమయాలు సరిగ్గా పావుగంటకు పావుగంట. నిజంగా రాసిన పట్టికలో 12:58 ఉంటుంది, 1:11 ఉంటుంది, ఒకచోట "బోర్లా తిరిగాడు, వెల్లకిలా వేశాను" అని ఉంటుంది, ఒక మూల పాల మరక ఉంటుంది. తనిఖీకి చెప్పకుండా వచ్చే ఇన్‌స్పెక్టర్లకు ఈ తేడా బాగా తెలుసు. బిడ్డ భద్రతకు అప్పటికప్పుడు ముప్పు అనిపించే లోపం కనిపిస్తే టైప్ ఎ కింద రాస్తారు. ఆ రిపోర్టు ఇంట్లో అందరికీ కనిపించేలా 30 రోజులు పెట్టాలి, ప్రతి తల్లిదండ్రులకూ కాపీ ఇచ్చి సంతకం తీసుకోవాలి. ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు ఒక్క కాగితంతో పోతుంది. ఆ పేరు సంగతి కూడా పక్కన పెట్టండి. చూడకుండానే చూశానని రాసిన గడి ఆ బిడ్డ తల్లికి చెప్పిన అబద్ధం. ఇందులో నేను మెత్తగా మాట్లాడలేను.

తీరిక గురించి మాత్రం సాయం చేయగలను. నా పట్టిక ఒక అట్టకు క్లిప్పు పెట్టి, పెన్ను దారంతో కట్టి, నిద్ర గది గుమ్మం పక్కన మేకుకు వేలాడుతుంది. వంటింటి టైమర్ 13 నిమిషాలకు పెడతాను, చేతిలో పని వదిలి వెళ్లడానికి రెండు నిమిషాలు పడతాయి గనక. పిల్లలు అడ్డంగా, సమయం నిలువుగా. ప్రతి గడిలో ఊపిరికి ఒక అక్షరం, ఒంటి వేడికి ఒకటి, పడుకున్న తీరుకు ఒకటి. అరనిమిషం పని. నిద్ర గది తలుపు తెరిచే ఉంటుంది, నేను పిల్లల అలికిడి వినపడేంత దూరంలోనే ఉంటాను. పెద్ద వంట నిద్రవేళకు పెట్టుకోను. ముందు రోజు రాత్రే కూర చేసి పెట్టుకుంటే ఆ రెండు గంటలూ పిల్లలకే ఉంటాయి.

ప్రశ్న: అమ్మమ్మను రాస్తున్నాను తల్లీ. మనవరాలికి తల గుండ్రంగా రావాలని ఇండియా నుంచి ఆవాల దిండు తెచ్చాను. మెడలో చిన్న దిష్టిపూసల దండ, నడుముకు మొలతాడు, తలకు టోపీ పెట్టి పంపితే డేకేర్‌లో అన్నీ తీసి సంచిలో పెట్టి పంపుతున్నారు. ఇవేం దోషం? (మిల్పిటాస్)

అమ్మా, నమస్కారం. మీరు ప్రేమతో చేసినవన్నీ సంచిలో తిరిగొస్తే మనసు నొచ్చుకోవడం సహజం. దోషం అని ఎవరూ అనుకోవడం లేదు. నిద్రపోయే చోట బిడ్డా, పరుపూ, దానికి బిగుతుగా తొడిగిన షీటూ తప్ప ఇంకేమీ ఉండకూడదని నిబంధన. ఆవాల దిండు మెత్తగా ఉంటుంది, బిడ్డ పక్కకు తిరిగితే ముక్కు దానికి ఆనుతుంది. కుట్టు ఊడితే ఆవాలు నోట్లోకి, ముక్కులోకి పోతాయి. టోపీ జారి ముఖం మీద పడుతుంది, పైగా పసిపిల్లల ఒంటి వేడి ఎక్కువగా తల నుంచే బయటికి పోవాలి. మెడలో దండ క్రిబ్ కమ్మీకి తగులుకుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

తల గుండ్రంగా రావడానికి ఇంకో దారి ఉంది. మనవరాలు మెలకువగా ఉన్నప్పుడు మీరు ఎదురుగా కూర్చుని కాసేపు బోర్లా వేసి ఆడించండి. రోజుకు మూడు నాలుగు సార్లు. మెడ గట్టిపడుతుంది, తల వెనక ఒత్తిడీ తగ్గుతుంది. క్రిబ్‌లో ఒక రోజు తల ఇటు, ఒక రోజు అటు ఉండేలా మార్చి పడుకోబెట్టండి. మొలతాడు బట్టల లోపల వదులుగా ఉంటే నాకు ఇబ్బంది లేదు గానీ దానికి మువ్వలూ తాయెత్తులూ ఉంటే తీసేయండి, ఊడితే నోట్లో పెట్టుకుంటుంది. దిష్టి చుక్క అరికాలికి ఎంత పెద్దదైనా పెట్టి పంపండి. దాన్ని ఎవరూ తుడవరు.

చలేస్తుందని దుప్పటి పంపేవాళ్లకు కూడా ఇదే జవాబు. దుప్పటి బదులు చేతులు బయటికి ఉండే స్లీప్ సాక్ (ఒంటికి తొడిగే నిద్ర సంచి) తొడగండి. బరువు కుట్టినవి కొనవద్దు, పిల్లల డాక్టర్ల సంఘం 2022లో వద్దని స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది చట్టం చేసి, క్రిబ్ చుట్టూ కట్టే మెత్తటి బంపర్లనూ, పది డిగ్రీలకు మించి వాలుగా ఉండే పసిపిల్లల పడకలనూ దేశంలో అమ్మకుండా ఆపేశారు. ఎవరైనా పాతవి బహుమతిగా ఇస్తే పక్కన పెట్టేయండి.

ప్రశ్న: పొద్దున్న దింపేసరికి బాబు కార్ సీట్‌లో నిద్రపోయి ఉంటాడు. డేకేర్ ఆవిడ తీసి క్రిబ్‌లో వేస్తుంది, వాడు లేచి ఏడుస్తాడు. కాసేపు అలాగే ఉంచమని ఫారంలో రాయొచ్చా? (కుపర్టినో)

రాసినా ఆవిడ ఉంచకూడదు. ఎక్కడ నిద్రపోయినా సరే, వీలైనంత త్వరగా క్రిబ్‌లోకి మార్చాలి. కారులో బిగించి ఉన్నప్పుడు ఆ సీటు సరైన వాలులో ఉంటుంది. నేల మీద పెట్టినప్పుడు ఆ వాలు మారిపోతుంది, గడ్డం ఛాతీకి ఆనుకుని గాలి దారి మూసుకుపోవచ్చు. ఏడిస్తే ఆవిడ ఎత్తుకుంటుంది.

ప్రశ్న: గ్రీన్ కార్డు మీద కొడుకు దగ్గర ఉంటున్నాను. పక్కింటి తెలుగువాళ్లు తమ ఆరు నెలల పాపను చూసుకోమని, డబ్బిస్తామని అడుగుతున్నారు. నాకు లైసెన్స్ కావాలా? ఈ ఫారాలన్నీ నింపాలా? (ఫోల్సమ్)

మీ సొంత పిల్లలు కాక ఒకే ఒక్క కుటుంబం పిల్లల్ని చూసుకుంటే క్యాలిఫోర్నియాలో లైసెన్స్ అక్కర్లేదు. రెండో కుటుంబం బిడ్డను ఒప్పుకున్న రోజున కావాలి. "ఒక్క పూటే కదా" అని ఇంకో ఇంటి బిడ్డను చేర్చుకోవద్దమ్మా, చట్టం పూట లెక్క చూడదు.

లైసెన్స్ లేనివాళ్లకు 9227 ఫారం తప్పనిసరి కాదు. అయినా నా మాట విని ఆ ఫారం ఒకటి ప్రింటు తీసుకుని పక్కింటి అమ్మాయితో కూర్చుని నింపుకోండి. అందులో ఉన్న ప్రశ్నలు ఏ ఇంట్లోనైనా అడగాల్సినవే. సంకోచం లేకుండా మాట్లాడుకోవడానికి ఒక వంక దొరుకుతుంది. లైసెన్స్ ఉన్న నా ఇంట్లో ఉన్న ఆపదలే మీ ఇంట్లోనూ ఉంటాయి. పాపకు మీ మంచం వద్దు, సోఫా అసలే వద్దు. పెద్దవాళ్లు ఒడిలో బిడ్డతో సోఫాలో కునుకు తీయడం చాలా ప్రమాదకరం. వాళ్ల ప్లేయార్డ్ ఒకటి మీ ఇంట్లో పెట్టించండి. పిల్లలకు ఊపిరి అందనప్పుడు ఏం చేయాలో నేర్పే సీపీఆర్ క్లాసుకు మీ కోడల్ని తీసుకుని వెళ్లిరండి.

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. ఇక్కడ ఇంట్లో డేకేర్ పెట్టాలనుకుంటున్నాను. మీరు చెప్పే ఫారాలే ఇక్కడా ఉంటాయా? (ఫ్రిస్కో)

ఉండవు. ఈ విషయం రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. మీ దగ్గర ఆరోగ్య, మానవ సేవల కమిషన్ చూస్తుంది. నేను చెప్పిన 9227 బదులు, మీ డేకేర్ సురక్షిత నిద్ర విధానం ఏమిటో చెప్పే ఫారం 2550 ఉంటుంది. పసిబిడ్డను చేర్చుకునేటప్పుడు అది తల్లిదండ్రులకు చదివి వినిపించి సంతకం తీసుకుంటారు. వెల్లకిలా కాక ఇంకోలా పడుకోబెట్టాలని డాక్టర్ చెబితే దానికి ఫారం 2710 విడిగా ఉంది. ఫారాలు ఎప్పుడూ కమిషన్ వెబ్‌సైట్ నుంచే దించుకో. వాట్సాప్ గుంపుల్లో తిరిగేవి పాతబడిపోయి ఉంటాయి. ఫారం అడుగున ఏ నెలలో, ఏ ఏడాదిలో మార్చారో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది సరిచూసుకున్నాకే ప్రింటు తీయి.

లైసెన్సుకు దరఖాస్తు పెట్టే ముందు మీ ఊళ్లో ఇప్పటికే నడుపుతున్నవాళ్ల ఇంటికి ఒకసారి వెళ్లు. మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళకు వెళ్లు. వాళ్ల ఫైలు ఎలా సర్దుకున్నారో, గది ఎలా ఉందో, పట్టిక ఎక్కడ పెట్టారో అడిగి చూడు. మనవాళ్లు చూపించడానికి వెనకాడరు.